నెల రోజుల చలికి పన్నెండు నెలల చిమ్నీ

ఊరి చివర నాలుగెకరాలు కొని, మామిడి మొక్కలు నాటి, మధ్యలో ఒక ఇల్లు కట్టుకోవాలనుకునేవారి కోరికల చిట్టాలో ఈత కొలను, ఉయ్యాల బల్ల తర్వాత ఇప్పుడు ఫైర్‌ప్లేస్ కూడా చేరింది. శంకరపల్లి, వికారాబాద్ వైపు ఫామ్‌హౌస్ అయినా, అరకు, లంబసింగి దారుల్లో హోమ్‌స్టే అయినా ఊహ ఒక్కటే: హాలు గోడలో ఒక పెద్ద గూడు, దాని చుట్టూ రాతి పలకలు, కప్పును చీల్చుకుని పైకి పోయే ఇటుక గొట్టం. కట్టెలదా, గ్యాసుదా, కరెంటుదా అన్న దగ్గర గంటల కొద్దీ చర్చ నడుస్తుంది. అసలు పెట్టాలా అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. ఆగినవారు కూడా డబ్బు దండగ అని ఒక్క మాట అనేసి ఊరుకుంటారు. డబ్బు సంగతి నాకు అనవసరం. ఎవరి సొమ్ము వారిది, ఎవరి సరదా వారిది. నా అభ్యంతరం వేరే చోట ఉంది. చలి తక్కువ కాబట్టి ఫైర్‌ప్లేస్ అక్కర్లేదని అనడం తేలిక. చలి తక్కువ కావడం వల్లే అది సరిగా పనిచేయదు, పనిచేయకపోగా ఇంటికి చెరుపు కూడా చేస్తుంది అన్నది నా వాదన. మంచు దేశాల ఇంటికి అది వరమో కాదో తర్వాత సంగతి, మన పల్లె ఇంటికి మాత్రం తప్పుడు సామాను.

ముందు మన చలి ఎలాంటిదో చూడాలి. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకంటే కిందికో దిగి, ఆ రోజుకు మామూలుగా ఉండాల్సినదానికంటే నాలుగున్నర డిగ్రీలైనా పడిపోతేనే వాతావరణ శాఖ దాన్ని చలిగాలులు అంటుంది. కొండ ప్రాంతాలకు ఆ గీత సున్నా డిగ్రీలు. ఈ కొలబద్దతో చూస్తే తెలుగు నేలలో చాలా ఊళ్లకు అలాంటి రోజులు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. డిసెంబరు, జనవరి నెలల్లో పత్రికలకెక్కే పేర్లు ఎప్పుడూ ఆ నాలుగే: ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాల అడవి పల్లెలు, సంగారెడ్డి జిల్లాలో కోహీర్, చింతపల్లి, పాడేరు, అరకు చుట్టూ ఉన్న మన్యం. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట చిక్కుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెప్పుకుంటారు. అంత పేరున్న ఊరూ సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులోనే ఉంది. గోడపొయ్యి అనగానే మన కళ్లకు కట్టే దొరల బంగళాలున్న ఊటీ 2,240 మీటర్ల మీద ఉంది. అంకె రెట్టింపుకు పైగా. అన్నిటికంటే ముఖ్యం, మన చలి రాత్రి చలి. తెల్లవారుజామున 9 డిగ్రీలు చూపించిన ఊళ్లోనే మధ్యాహ్నం 27 డిగ్రీలుంటుంది. సంక్రాంతి దాకా బిగుసుకుని, శివరాత్రికి శివశివా అంటూ వెళ్లిపోయే ఈ చలి రోజంతా ఉండేది కాదు, ఏడాదంతా ఉండేది అంతకంటే కాదు. నాలుగు నెలలు పగలూ రాత్రీ మంచు వీడని ఊరి కోసం పుట్టిన పొయ్యిని దీనికి తగిలించబోతున్నాం.

తగలదు. మొదటి కారణం వేళ. ఫైర్‌ప్లేస్ ముందు మనుషులు కూర్చునేది రాత్రి ఏడింటికో ఎనిమిదింటికో, భోజనాలకు అటో ఇటో. ఆ వేళకు మన ఇల్లు చల్లగా ఉండదు. పగలంతా ఎండ తాగిన స్లాబు, పడమటి గోడ ఆ వేడిని లోపలికి వదలడం మొదలుపెట్టేది అప్పుడే. వేసవిలో మనల్ని రాత్రి పదకొండింటి దాకా నిద్రపోనివ్వని ఆ గుణమే చలికాలంలో ఉచితంగా గది వెచ్చబెడుతుంది. అసలు చలి మూడు గంటల రాత్రి దాటాక వస్తుంది, సూర్యోదయానికి కాస్త అటూఇటూగా ముదురుతుంది. అప్పటికి మంట ఆరి, అడుగున నిప్పుల మీద బూడిద కమ్మి ఉంటుంది, ఇంట్లో వాళ్లంతా మంచాల మీద ముడుచుకుని ఉంటారు. నిప్పులు మిణుకుమంటున్నంత సేపు చిమ్నీ తలుపు మూయడానికి లేదు, మూస్తే విషవాయువు గదిలోకి వస్తుంది. కాబట్టి తెరిచే ఉంచాలి. తెరిచి ఉన్న గొట్టం ఏం చేస్తుంది? సాయంత్రం నుంచి ఇంట్లో నిలిచిన వెచ్చటి గాలిని తెల్లవార్లూ ఆకాశంలోకి వదిలేస్తుంది. చలి లేని పూట మండి, చలి వచ్చిన పూట ఇంటిని చల్లబరిచే సాధనమన్నమాట.

రెండో కారణం పొగ నడక. చిమ్నీ ఏ మరా లేకుండా పొగను ఎలా లాగుతుందో చాలామందికి తెలిసిందే: వేడి గాలి తేలిక, చల్ల గాలి బరువు. గొట్టంలోని వేడికీ బయటి చలికీ ఎంత తేడా ఉంటే లాగుడు అంత బలంగా ఉంటుంది, గొట్టం ఎంత పొడుగైతే అంత మంచిది. బయట మైనస్ 10 డిగ్రీలున్న ఊళ్లో 150 డిగ్రీల పొగ ఎంత జోరుగా పైకి పోతుందో, అదే గొట్టంలో అదే పొగ బయట 18 డిగ్రీలున్న ఊళ్లో అంత జోరుగా పోదు. లెక్క వేస్తే లాగుడు దాదాపు పావు వంతు పడిపోతుంది. ఇది మంట బాగా రాజుకున్నాక సంగతి. అంటించేటప్పుడు ఇంకా కష్టం. అప్పటికి గొట్టం చల్లగా ఉంటుంది, లోపలి గాలికీ బయటి గాలికీ తేడా అసలే ఉండదు. ఎండ తగలని ఇల్లయితే, లోపల చల్లగా, బయట ఇంకా పగటి వెచ్చదనం మిగిలి ఉన్న సాయంత్రాల్లో గాలి తిరగబడి గొట్టంలోంచి కిందికి దిగుతుంది కూడా. పైగా మన పల్లె ఇళ్లు ఒంటి అంతస్తువి, గొట్టం పది పన్నెండు అడుగులు మించదు. పొగ హాల్లోకి కొడుతుంది. యజమాని మేస్త్రీని తిడతాడు, మేస్త్రీ కట్టెలను తిడతాడు. తప్పు ఇద్దరిదీ కాదు, డిసెంబరులో కూడా వెచ్చగా ఉండే ఊరిది. మన్యం లోయల్లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. రాత్రివేళ చల్ల గాలి లోయ అడుగున చేరి దాని మీద వెచ్చటి గాలి పొర మూతలా పడుతుంది. లంబసింగి మంచు చూడటానికి జనం తెల్లారకముందే బళ్లు కట్టుకుని పోయేది ఆ మూత పుణ్యమే. పొగ కూడా ఆ మూత కిందే ఉండిపోతుంది.

సరే, పొగ సక్రమంగా పైకే పోయిందనుకుందాం. అప్పుడు వేడి కూడా దాంతో పాటే పోతుంది. ఇది ఇవాళ కనిపెట్టిన సంగతి కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1744లో తన ఇనుప పొయ్యి గురించి పుస్తకం అచ్చువేసింది, గోడలోని గూడు వేడిని మింగేస్తోందన్న విసుగుతోనే. 1796లో కౌంట్ రమ్‌ఫర్డ్ ఇంకో దారి పట్టాడు. గూటి లోతు తగ్గించి, పక్క గోడలు ఏటవాలు చేసి, పొగ పోయే గొంతు సన్నం చేశాడు. ఇంత చేసినా నోరు తెరిచి ఉన్న పొయ్యి ఇప్పటికీ కట్టెలోని వేడిలో పదో వంతో, బాగా కుదిరితే ఏడో వంతో మాత్రమే గదికి ఇస్తుంది. ఒక చిన్న లెక్క చూడండి. బాగా ఎండిన కట్టె కిలోలో సుమారు 4 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి ఉంటుంది. 5 కిలోలు కాల్చితే 20 యూనిట్లు. అందులో గదికి దక్కేది మూడు యూనిట్లకు మించదు. అంతటి వేడిని వెయ్యి వాట్ల మామూలు హీటరు మూడు గంటల్లో ఇస్తుంది, యూనిట్ 10 రూపాయలు వేసుకున్నా ఖర్చు 30 రూపాయలు. మిగిలిన 17 యూనిట్ల వేడి కాకులకు, కొంగలకు. మంట తన ఊపిరి కోసం నిమిషానికి రెండు మూడు వందల ఘనపుటడుగుల గాలిని గదిలోంచే పీల్చుకుంటుంది. అంత గాలి పైకి పోతే అంత చల్ల గాలి కిటికీ సందుల్లోంచి, తలుపు కిందనుంచి లోపలికి రావాలి. అందుకే ఫైర్‌ప్లేస్ ముందు కూర్చున్నవాడికి మోకాళ్లు కాలుతుంటాయి, వీపు వణుకుతుంటుంది. పక్క గదిలో పడుకున్న ముసలివాళ్లకు మామూలు రోజుకంటే ఆ రోజే ఎక్కువ చలి.

చలికాలం పోయాక పది నెలల సంగతి ఎవరూ ఆలోచించరు. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీల గాలికి ఆ గొట్టం తెరిచిన దర్వాజా. పైన మూత సరిగా లేకపోతే జూన్‌లో వాన నేరుగా హాల్లోకి. తేనెటీగలకు, ఉడతలకు, గోరింకలకు అంతకంటే మంచి చోటు దొరకదు. అడపాదడపా పాముకి కూడా.

ఇప్పుడు పొగ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఈ విషయంలో మన చరిత్ర వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం పెట్టి పేదింటి ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016 మే 1న దేశమంతటికీ ఉజ్వల వచ్చింది. ఊదరగొట్టం పట్టుకుని, కళ్లు నులుముకుంటూ, దగ్గుతూ వంట చేసిన తరాల బాధను తగ్గించడానికే ఇదంతా. ఇంటి పొగ వల్ల ప్రపంచంలో ఒక్క 2020లోనే 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో రెండు లక్షలకు పైగా ఐదేళ్ల లోపు పిల్లలు. ఇరవై ఐదేళ్లు తంటాలు పడి వంటింట్లోంచి పంపేసిన పొగను ఇప్పుడు రాతి పలకలు తాపడం చేసిన ముఖద్వారం కట్టి హాల్లోకి ఆహ్వానిస్తున్నాం. పేదవాడి పొయ్యిలో పొగ అనారోగ్యం, ఉన్నవాడి పొయ్యిలో పొగ వాతావరణం! పొగకు ఆ తేడా తెలియదు. చిమ్నీ ఉంది కదా, పొగ బయటికే పోతుంది కదా అంటారు. బయట ఉన్నది పక్కింటివాళ్లు. లండన్‌లో 1952 డిసెంబరులో ఐదు రోజులు కమ్మిన పొగమంచు వేల మందిని పొట్టన పెట్టుకుంది. దాని వెనక కర్మాగారాలతో పాటు ఇంటింటి బొగ్గు పొయ్యి కూడా ఉంది. ఆ దెబ్బకే 1956లో అక్కడ స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కాలిఫోర్నియాలో ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో, మనవాళ్లు వేలల్లో కాపురముంటున్న ఫ్రీమాంట్, శాన్‌హోజే ఊళ్లలో, చలి దాదాపు మన మన్యం చలిలాంటిదే. చలికాలం గాలిలో కట్టెపొగ ఎక్కువైపోతోందని అక్కడి వాయు నాణ్యత సంస్థ 2016 నవంబరు నుంచి కొత్త ఇళ్లలో కట్టెల ఫైర్‌ప్లేస్ కట్టడాన్నే ఆపేసింది. పాత ఇళ్లలో ఉన్నవాటిని కూడా గాలి బాగాలేని రోజుల్లో వెలిగించకూడదు. వాళ్లు వద్దనుకున్నదాన్ని మనం సినిమాల్లో చూసి తెచ్చుకుంటున్నాం.

మంట అంటే వేడి ఒక్కటే కాదు కదా, దాని చుట్టూ మనుషులు చేరతారు కదా అని ఎవరైనా అంటే నేను కాదనను. ఇది అన్నిటికంటే నిజాయితీ గల వాదన. ఫైర్‌ప్లేస్ పెట్టించుకునేవారిలో నూటికి తొంభై మంది కోరేది ఇదే, చలి ఒక సాకు. కానీ తెలుగువాడి మంట ఎప్పుడూ ఎక్కడుందో గమనించండి. భోగిమంట నాలుగు రోడ్ల కూడలిలో. కళ్లాల దగ్గర కాపలా మంట ఆరుబయట. చలిమంట వీధి అరుగు ముందు, రావిచెట్టు కింద. నెగడు అనగానే మనకు ఆకాశం కింద మంటే గుర్తుకొస్తుంది, గోడ మధ్య మంట కాదు. ఇంట్లో ఉన్న నిప్పు వంటకు, దీపానికి. మన భాష కూడా ఆ సంగతే చెబుతుంది. విడిపోయిన అన్నదమ్ములు వేరు కుంపటి పెట్టుకున్నారంటాం, అంటే వేరే వంట. గుండెల మీద కుంపటి అంటే మోయలేని బెంగ. ఇంట్లో నిప్పు పని కోసమో భారంగానో ఉంది తప్ప వేడుకగా లేదు, వేడుక వాకిట్లో ఉంది. దీన్ని పాతదనం మీద మమకారంతో చెప్పడం లేదు. ఆరుబయట మంట చుట్టూ పాతికమంది చేరవచ్చు, హాల్లో గూటి ముందు నలుగురికే చోటు. పెరట్లో ఒక గుండ్రటి గుంట తీసి, రాళ్లు పేర్చి, చుట్టూ మోకాలెత్తు అరుగు కట్టిస్తే ఫైర్‌ప్లేస్ ఖర్చులో పదో వంతు కూడా కాదు. గాలివాటం చూసుకుని, గడ్డివాముకీ ఎండుటాకుల కుప్పకీ దూరంగా పెట్టుకుంటే చాలు. పొగ కళ్లలో పడితే అటు పక్కకు జరిగి కూర్చోవచ్చు, హాల్లో ఆ వీలు లేదు.

తోటలో కొట్టిన కొమ్మలు ఊరికే పోతున్నాయి, వాటిని ఏం చేయాలి అన్నది ఇంకో ప్రశ్న. రైతు అడగదగ్గ ప్రశ్నే. మామిడి, జీడిమామిడి, సరుగుడు కత్తిరింపులు ఏటా బండ్ల కొద్దీ వస్తాయి. కాకపోతే అప్పుడే కొట్టిన కొమ్మ బరువులో దాదాపు సగం నీళ్లే. ఆ తడి 20 శాతం లోపుకు దిగాలంటే చీల్చి, వాన తగలకుండా, గాలి ఆడేలా పేర్చి ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఎండబెట్టాలి. అంత ఓపిక ఎవరికుంది? పచ్చి కట్టె వేడి ఇవ్వకముందు తనలోని నీటిని ఆవిరి చేసుకోవాలి, ఆ పనిలోనే పొగా తారూ పుట్టిస్తుంది. ఎండిన కట్టె ఉన్నవారికి మాత్రం మన ఇళ్లలోనే ఒక మంచి సాధనం ఎప్పటినుంచో ఉంది: మధ్యలో నిప్పుగొట్టం, చుట్టూ నీళ్లు ఉండే రాగి బాయిలర్. కొబ్బరి మట్టలు, కంది కట్టె, పిడకలు, చెత్తా చెదారం దేన్నైనా పెరట్లో ఓ మూల తిని ఇంటిల్లిపాదికీ వేడినీళ్లు ఇస్తుంది. వేడి గాలిలో కలిసిపోకుండా నీళ్లలో నిలుస్తుంది. తెల్లవారుజామున, అసలు చలి ఉన్న వేళ పనికొస్తుంది. మన చలికి మన పల్లె ఎంచుకున్న ఫైర్‌ప్లేస్ నిజానికి అదే. ప్లాస్టిక్ గీజర్ వచ్చాక దాన్ని పాత ఇత్తడి సామానుకు వేసేశాం.

పొగలేనివంటూ అమ్మే రకాల మీద ఎక్కువ సేపు ఆగనక్కర్లేదు. కరెంటు ఫైర్‌ప్లేస్ అంటే ఒక మామూలు హీటరు, దాని ముందు మంట బొమ్మ. అందంగా ఉందనుకుంటే పెట్టుకోండి, ఎవరికీ హాని లేదు. చిమ్నీ అక్కర్లేదని చెప్పే బయో ఇథనాల్ రకం గది గాలిలోని ఆక్సిజన్‌నే తింటుంది, చెమ్మనూ బొగ్గుపులుసు గాలినీ గదిలోకే వదులుతుంది. మంట పూర్తిగా ఆరకముందు మళ్లీ నింపబోయి ఒళ్లు కాల్చుకునే ప్రమాదం దానితో ఎప్పుడూ ఉంటుంది. కరెంటుతోనే వేడి కావాలనుకుంటే చల్లదనం, వెచ్చదనం రెండూ ఇచ్చే ఏసీ ఉంది. బయట 10 డిగ్రీలున్నా ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడిని బయటి గాలిలోంచి లోపలికి తోడిపోస్తుంది. మన చలి మెత్తనిది కాబట్టే అది అంత చవగ్గా పనిచేస్తుంది. చిత్రం చూడండి, ఏ మెత్తదనం చిమ్నీని చెడగొడుతుందో అదే ఈ యంత్రానికి కలిసొస్తుంది. ఏసీ కూడా వద్దనుకునేవారికి గది మొత్తాన్ని కాక మనిషిని వెచ్చబెట్టడం ఎలాగో దక్కను గొర్రెలకాపరులు ఏనాడో తేల్చారు. నల్లగొర్రె బొచ్చు గొంగడి కప్పుకుని వానలో, చలిలో ఆరుబయటే పడుకున్నారు వాళ్లు. గొంగడికి చిమ్నీ లేదు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక చేయకపోతే తప్పవుతుంది. ఫైర్‌ప్లేస్ దండగని చదివి, అయితే కుంపటే మేలని తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే అది ఇంతకంటే ఘోరం. బొగ్గు నుంచి పొగ రాదు కాబట్టి భయం వేయదు. కానీ దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునేదానికంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, మగత, తర్వాత నిద్రలోనే ప్రాణం పోవడం. ఉత్తరాదిలో ప్రతి చలికాలం ఇలాంటి వార్తలు వస్తూనే ఉంటాయి. మన దగ్గర ఈ ప్రమాదం ఎక్కువగా పొంచి ఉన్నది బాలింత గదిలో. నులకమంచం కింద నిప్పులు, సాంబ్రాణి, మూసిన కిటికీలు, లోపల పది రోజుల పసికందు. పెద్దవాళ్ల ఉద్దేశం మంచిదే, బిడ్డకు వెచ్చదనం కావాలన్నది నిజమే. ఆ వెచ్చదనానికి తల్లి ఒంటికి బిడ్డను ఆనించి పైన దుప్పటి కప్పడం కంటే మంచి మార్గం లేదని వైద్యులు చెబుతున్నారు. కొలంబియాలోని బొగొటాలో 1978లో మొదలైన కంగారూ పద్ధతి అదే, మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చేయిస్తున్నారు.

ఇక నా వాదనకు నిజంగా ఇబ్బంది కలిగించే అభ్యంతరం మన్యం నుంచి వస్తుంది. చింతపల్లి పక్క కొండ మీద కోందు గూడెంలోనో, తిర్యాణి అడవిలో కోలాం గూడెంలోనో చలి సరదా కాదు. కరెంటు ఉండేది ఉంటుంది, పోయేది పోతుంది. ఏసీ మాట అక్కడ వేళాకోళం. ఇంటి మధ్య పొయ్యే వాళ్లకు వంటగది, దీపం, దుప్పటి. చుట్టూ చేరి పడుకుంటారు. పొగ గడ్డికప్పు గుండా మెల్లగా బయటికి ఊరేది, పోతూపోతూ కప్పుకు చెదలు పట్టకుండా కాపాడేది, అటక మీది గింజలకు పురుగు రానిచ్చేది కాదు. అది లోపం లేని ఏర్పాటని అనను, ఆ పొగ ఆడవాళ్ల, పిల్లల ఊపిరితిత్తుల్లోకీ పోయింది. ఇప్పుడు ఆ గడ్డికప్పు స్థానంలో స్లాబో రేకో వస్తోంది. పథకాల కింద పక్కా ఇళ్లు కడుతున్నారు, 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ లాంటి పథకాల్లో అట్టడుగున ఉన్న తెగల ఇళ్లూ భాగమే. కప్పు మారింది, పొయ్యి మారలేదు. సిమెంటు కప్పు పొగను వదలదు, రేకు కప్పు రాత్రి వేడిని నిలపదు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి రేకు తన వేడంతా పైకి వెదజల్లి బయటి గాలి కంటే చల్లబడుతుంది, దాని అడుగున మంచు చుక్కలు కట్టి పక్క మీద రాలతాయి. ఫైర్‌ప్లేస్ గురించి నిజంగా ఆలోచించాల్సిన చోటు ఇది, ఫామ్‌హౌస్ హాలు కాదు.

అక్కడైనా నోరు తెరిచిన గూడు పనికిరాదు. మొదట కప్పు కింద ఒక పొర కావాలి, వెదురు తడికైనా, చెక్కైనా, దాని మీద మట్టి పూతైనా సరే. రాయలసీమ మట్టి మిద్దె చలికీ ఎండకీ తట్టుకున్నది కప్పు మందం వల్లే. తర్వాత తలుపు, కిటికీ సందులు. ఈ రెండూ చేశాక కూడా నిప్పు కావాలంటే కాశ్మీరులో బుఖారీ అనే రకం మూత ఉన్న ఇనుప పొయ్యి, దానికి కప్పు మీదుగా పోయే గొట్టం. మూసిన పొయ్యి కట్టెలోని వేడిలో సగానికి పైగా గదికి ఇస్తుంది, గదిలోని గాలిని అంతగా తోడేయదు. అయితే చిన్నది ఎంచుకోవాలి. మెత్తటి చలి ఉన్న ఊళ్లలో జరిగే తప్పు ఏమిటంటే పెద్ద పొయ్యి తెచ్చి, గది వేడెక్కిపోతోందని గాలి కంత మూసి కట్టెలను కుమిలిపోనివ్వడం. కుమిలే కట్టె తారు కక్కుతుంది, ఆ తారు గొట్టం లోపల పేరుకుని ఒక రోజు తానే అంటుకుంటుంది. అందుకని చిన్న పొయ్యి, చిన్న మంట, జోరు మంట. గొట్టం కప్పు నుంచి కనీసం మూడడుగులు పైకి రావాలి, చుట్టుపక్కల పదడుగుల్లో ఉన్న దేనికంటేనైనా రెండడుగులు ఎత్తుండాలి, చలికాలానికి ముందు ఏటా ఒకసారి దులపాలి. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఇంజినీర్లకు ఇది పెద్ద పని కాదు. ఇంటి నమూనా గీసేటప్పుడే గొట్టానికి స్లాబులో ఒక కంత, పొయ్యి చోట ఒక రాతి పలక ఉంచితే సరిపోతుంది. కట్టేశాక స్లాబు పగలగొట్టడం మాత్రం ఎవరి తరమూ కాదు.

ఫామ్‌హౌస్‌లో చిమ్నీ ఇప్పటికే కట్టేసినవారు దాన్ని పడగొట్టాల్సిన పనిలేదు. పైన వానకు మూత, పిట్టలకు వల వేయించండి. పది నెలలు లోపలి తలుపు బిగించి ఉంచండి, ఆ గూట్లో పుస్తకాలో ఇత్తడి దీపాలో పెట్టుకోండి. ఏ సంక్రాంతికో చుట్టాలొచ్చి వెలిగించాల్సిందేనని పట్టుబడితే, కట్టె అంటించేముందు గూటి ముందర ఒక అగరువత్తి పట్టుకుని చూడండి. పొగ గొట్టంలోకి లేస్తే చిన్న మంట వేసి, ఒక కిటికీ తెరిచి కూర్చోండి. గదిలోకి వాలితే కట్టెలన్నీ వాకిట్లోకి మోయించండి.